విశాఖ రేవులో ఇన్‌చార్జి

మన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1800లో నిజాం నుండి కంపెనీ వారి చేతికి వచ్చిన దత్త మండలాల్లోవి. మన్రో దొర ఇక్కడ శిస్తు నిర్ణయిస్తున్న రోజుల్లోనే, 1804 సెప్టెంబరులో, విశాఖ రేవులో ఒక నౌకాయుద్ధం జరిగింది.

50 ఫిరంగుల ‘సెంచూరియన్’ రెండు వర్తక నౌకలకు కాపలాగా లంగరు వేసి ఉంది. దాని కెప్టెన్ రైనియర్ జబ్బుపడగా, జేమ్స్ లిండ్ అనే అధికారి తాత్కాలికంగా బాధ్యత చూస్తున్నారు. ఆనాడు ఆయన కూడా ఒడ్డున ఉన్నారు. అంతలో ఫ్రెంచి అడ్మిరల్ లినోయి, 74 ఫిరంగుల ‘మారెంగో’తోను, మరి రెండు యుద్ధనౌకలతోను వచ్చిపడ్డాడు. ఓడలో మిగిలిన లెఫ్టినెంట్ ఫిలిప్స్ వెనుకాడక ఎదురు కాల్పులు జరిపించాడు. లిండ్ పడవలో వచ్చి ఓడెక్కి పోరు కొనసాగించారు.

వర్తక నౌకల్లో ఒకటి శత్రువుకు చిక్కింది, మరొకటి ఒడ్డుకు కొట్టుకుపోయింది. కాని సెంచూరియన్ లొంగలేదు, లినోయి వెనుదిరిగాడు.

లిండ్ తరువాత ‘సర్’ జేమ్స్ లిండ్ అయ్యారు. ఫిలిప్స్ పేరు ఎందరికి తెలుసు? ఇన్‌చార్జి బాధ్యతలు మోసి, గుర్తింపు లేకుండానే రిటైరైన సోదరులు మనలోనూ ఎందరో ఉన్నారు. వారి పేర్లు మన పిల్లలకైనా చెబుదాం.