ఫిర్యాదు చేసిన పెట్టె దోషి కాదు: జర్మన్ కార్లలో కమ్యూనికేషన్ లోపాల వేట

డ్యాష్‌బోర్డు మీద నాలుగైదు హెచ్చరిక దీపాలు ఒక్కసారిగా వెలిగితే, అన్ని భాగాలూ ఒకేరోజు చెడిపోయాయని అనుభవమున్న మెకానిక్ ఎవరూ నమ్మరు. ఇంజన్, బ్రేకులు, గేర్‌బాక్స్, స్టీరింగ్‌లను నడిపే కంట్రోల్ యూనిట్ల మధ్య మాట ఆగిందేమోనని ముందు అనుమానిస్తారు. ఆ అనుమానాన్ని రుజువు చేసుకునే విద్య చాలావరకు జర్మనీలో రూపుదిద్దుకుంది.

మొదట్లో ఈ యూనిట్లకు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాల్సిన అవసరమే ఉండేది కాదు. 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600లో బాష్ వారి ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్ వచ్చింది. 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌కు ఏబీఎస్, 1979లో బీఎమ్‌డబ్ల్యూ 732ఐకి ఇగ్నిషన్‌నూ ఇంజెక్షన్‌నూ కలిపి నడిపే మోట్రానిక్ చేరాయి. దేని పెట్టె దానిదే, దేని తీగలు దానివే. లోపం వస్తే టెస్ట్ ల్యాంపు, మల్టీమీటరు పట్టుకుని ఆ తీగ వెంట వెళ్తే సరిపోయేది. ఒకే సమాచారం రెండు మూడు పెట్టెలకు కావాల్సి వచ్చేసరికి వైరింగ్ కట్టలు లావెక్కాయి.

దీనికి పరిష్కారంగా బాష్ ఇంజనీర్లు 1983లో ఉమ్మడి తీగల పద్ధతి మీద పని మొదలుపెట్టారు. 1986 ఫిబ్రవరిలో ఊవె కీంకె, జీగ్‌ఫ్రీడ్ డైస్, మార్టిన్ లిచెల్ దాన్ని డెట్రాయిట్ సదస్సులో ప్రకటించారు. అదే కాన్ (కంట్రోలర్ ఏరియా నెట్‌వర్క్). 1987లో దాన్ని నడిపే ఇంటెల్ చిప్ తయారైంది. 1990ల తొలినాళ్లలో ఎస్-క్లాస్ కాన్‌తో రోడ్డెక్కింది. 1993లో ఐఎస్ఓ 11898 ప్రమాణం వచ్చింది.

కాన్ ఒక రచ్చబండ లాంటిది: మెలివేసిన రెండు తీగల మీద ఒకరు మాట్లాడితే అందరూ వింటారు, అవసరమైనవారు తీసుకుంటారు. లోపాలను పట్టే ఏర్పాటు కూడా దాని పుట్టుకలోనే ఉంది. ప్రతి యూనిట్ తన తప్పులను తానే లెక్కపెట్టుకుంటుంది. సందేశం పంపడంలో తప్పు జరిగితే లెక్క సాధారణంగా 8 పెరుగుతుంది, సరిగ్గా వెళ్తే 1 తగ్గుతుంది. లెక్క 127 దాటితే ఇతరుల మాటకు అడ్డుపడే హక్కు పోతుంది. 255 దాటితే ఆ యూనిట్ తీగ నుంచి తనంతట తానే తప్పుకుంటుంది. ఒక్కరి జబ్బు అందరికీ సోకకుండా చేసిన ఈ ఏర్పాటు గొప్ప ఇంజనీరింగ్.

చిక్కు వర్క్‌షాపులో మొదలవుతుంది. ఇంజన్ యూనిట్ నోరు మూసుకుంటే మిగతావన్నీ తమ జ్ఞాపకంలో యూ0100 కోడ్ రాసుకుంటాయి. 'ఇంజన్ యూనిట్ నుంచి సందేశం రావడం లేదు' అని దాని భావం. ఎందుకు రావడం లేదో అది చెప్పదు. ఫ్యూజు పోయి ఉండవచ్చు, ఎర్త్ వదులై ఉండవచ్చు, కనెక్టర్‌లో నీళ్లు చేరి పిన్ను చిలుము పట్టి ఉండవచ్చు. కోడ్ చూడగానే యూనిట్ మార్చేస్తే డబ్బులు పోతాయి, లోపం మిగులుతుంది.

అందుకే కొలత కావాలి. 16 పిన్నుల డయాగ్నస్టిక్ సాకెట్‌లో 6, 14 పిన్నులు కాన్‌వి. బ్యాటరీ తీసేసి వాటి మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి, ఎందుకంటే తీగల రెండు చివర్లా 120 ఓమ్‌ల నిరోధకాలుంటాయి. 120 చూపిస్తే ఒక చివర తెగిందని, సున్నాకు దగ్గరైతే రెండు తీగలూ ఒకదానికొకటి తగులుతున్నాయని అర్థం. అప్పుడు యూనిట్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ మీటరు చూడాలి. తీగలను శాఖలుగా విడదీసి, వాటి మధ్య సందేశాలు అందించే గేట్‌వే ఉన్న కార్లలో సాకెట్ దగ్గరి కొలత చాలదు, అనుమానమున్న శాఖ తీగల దగ్గరికే వెళ్లాలి.

2000 తర్వాత ఈ శాఖలు పెరిగాయి. అద్దాలు, సీట్ల వంటి చిన్న పనులకు లిన్, పాటలకూ చిత్రాలకూ కాంతి తీగల మోస్ట్, 2006లో బీఎమ్‌డబ్ల్యూ ఎక్స్5తో మరింత వేగమైన ఫ్లెక్స్‌రే, 2012లో కాన్‌కే వేగం పెంచిన రూపమైన కాన్ ఎఫ్‌డీ వచ్చాయి. పనిముట్లూ మారాయి. లిచెల్ 1988లో మరో ఇద్దరితో కలిసి స్థాపించిన స్టుట్‌గార్ట్ సంస్థ వెక్టర్, తీగ మీది సందేశాలను కంప్యూటర్ తెర మీద చూపే కానలైజర్‌ను తెచ్చింది. అయితే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది 2003 నాటి మార్పు. ఆ ఏడాది జర్మనీ వాహన మెకానిక్, వాహన ఎలక్ట్రీషియన్ శిక్షణలను కలిపి వాహన మెకట్రానిక్స్ అనే ఒకే వృత్తిగా మార్చింది. లోపం ఇనుములోనూ ఉండవచ్చు, తీగలోనూ ఉండవచ్చు. రెండూ తెలిసిన మనిషే దాన్ని పట్టగలడని ఆ దేశం గుర్తించింది. 2007లో యూరోపియన్ యూనియన్ నిబంధన, మరమ్మతు సమాచారం స్వతంత్ర గ్యారేజీలకూ అందాలని చెప్పింది.

విజయవాడ ఆటోనగర్‌కు వచ్చే నేటి కార్లలోనూ ఇదే కాన్ ఉంది. చౌక మల్టీమీటరుతో 60 ఓమ్‌లు ఇక్కడా కొలవవచ్చు. మన మెకానిక్‌ల చేతికి రావాల్సినవి వైరింగ్ చిత్రాలు, వాటిని చదివే శిక్షణ. ఆ రెండూ అందితే, బాగున్న యూనిట్‌ను మార్చి కారు యజమాని వేలకు వేలు నష్టపోయే పరిస్థితి చాలావరకు తప్పుతుంది.