ముద్రణాలయము లేని పత్రిక

ఉతై, దుర్గ్, భిలాయి అనగానే తెలుగువారికి మొదట తోచేది ఉక్కు కర్మాగారము. అక్కడి కొలిమి 1959లో రగిలినది. అంతకు సుమారు 60 ఏండ్ల ముందే ఆ సీమ పేరు ఒక మాసపత్రిక ముఖపత్రము నెక్కినది. ఆ పత్రిక 'ఛత్తీస్‌గఢ్ మిత్ర'. 1900 జనవరిలో పేండ్రా అనే చిన్న ఊరినుండి దానిని వెలువరించినవారు మాధవరావు సప్రే. ఆయన మాతృభాష మరాఠీ, పత్రిక హిందీ. పేండ్రా రాజకుమారునికి చదువు చెప్పి సంపాదించిన జీతములో మిగిల్చినదే పెట్టుబడి. రామరావు చించోల్కర్ సహసంపాదకులు, వామన బలిరామ్ లాఖే ప్రకాశకులు. పేండ్రాలో అచ్చుకూటము లేదు. సంపాదకత్వ మొకచోట, అచ్చు మరొకచోట: మొదట రాయపూరు, తరువాత నాగపూరు.

సరిగా ఆ నెలలోనే అలహాబాదులో 'సరస్వతి' పుట్టినది. దానిని స్థాపించిన చింతామణి ఘోష్ ఇండియన్ ప్రెస్సు యజమాని. 1903లో మహావీర ప్రసాద ద్వివేది సంపాదకులై హిందీ వచనమునకు ఒక నడక నేర్పగలిగినారంటే, ఆయన ప్రతిభ వెనుక ఆగని అచ్చుయంత్ర మొకటి ఉన్నదని మరువరాదు. 'మిత్ర' మాత్రము 1902 డిసెంబరుతో ఆగిపోయినది. నిండా మూడేండ్లు.

ఆ మూడేండ్లలో అది చేసిన పని తక్కువది కాదు. మొగమాటము లేని గ్రంథవిమర్శకు హిందీలో చోటు కల్పించినది. 1901లో సప్రే రచించిన 'ఏక్ టోకరీ భర్ మిట్టీ' అందులోనే వచ్చినది. జమీందారు లాగుకొన్న తన గుడిసెనుండి ఒక వితంతువు గంపెడు మట్టి అడుగుతుంది. ఆ గంపను జమీందారు ఎత్తలేకపోతాడు. హిందీలో తొలి కథానిక ఇదేనని వాదించే విమర్శకులున్నారు. ఆ వాద మెటు తేలినా, కథ నేటికీ చదివించుకొంటుంది.

పత్రికకు కావలసినది ముందుగా డబ్బే అని దాపరికము లేకుండ ఒప్పుకొన్నవారు వేరొక ఖండములో కనబడతారు. 1912లో షికాగోలో 'పొయెట్రీ'ని స్థాపించిన హారియెట్ మన్రో, ఏడాదికి 50 డాలర్ల చొప్పున ఐదేండ్లపాటు ఇచ్చే దాతలను సుమారు నూరుగురిని ముందే కూర్చుకొన్నది. కవితలు తరువాత వచ్చినవి.

మనవారిలో ఈ రహస్యము నెరిగినవారు కాశీనాథుని నాగేశ్వరరావు. 1908లో 'ఆంధ్రపత్రిక'ను వారపత్రికగా బొంబాయిలో ప్రారంభించినారు. తెలుగుదేశమునకు అంత దూరాన తెలుగు పత్రిక నిలిచినదంటే, 1893లోనే ఆయన నెలకొల్పిన అమృతాంజనము దానికి అండ. 1914లో మద్రాసుకు తరలి దినపత్రిక అయినది. 1924లో 'భారతి' తోడైనది. తలనొప్పి మందు మన సాహిత్యమునకు చేసిన మేలు ఏ అలంకారశాస్త్రమూ చేయలేదంటే పండితులు కోపగించుకోవచ్చును.

సప్రేకు అట్టి అండ లేదు. అయినను ఆయన ఊరకుండలేదు. 1907లో నాగపూరున 'హిందీ కేసరి' స్థాపించి, మరుసటి ఏడు రాజద్రోహ నేరముపై చెరసాల చూచినారు. 1926లో రాయపూరులో కన్నుమూసినారు. 1984లో భోపాలులో పాత పత్రికలను భద్రపరచుటకు ఒక సంగ్రహాలయము ఏర్పడినది. దానికి పెట్టిన పేరు మాధవరావు సప్రేదే.