నెల్లూరు తీరపు బొంత

మన కులచరిత్ర వ్రాయఁబూనినవారెల్లరు భావనాఋషి తామరనూలు మొదలుకొని వేంకటగిరి చీరవఱకు మగ్గమునే వర్ణించుచు వచ్చిరి. అది యుక్తమే. కాని మన యిండ్లలో ఆ మగ్గముప్రక్కనే మఱియొక వస్త్రము పుట్టుచుండెను. అది బొంత. దానినే యిచట స్మరింపఁదలఁచితిమి.

నెల్లూరు తీరపు నేఁతకు విదేశప్రఖ్యాతి చిరకాలమునాఁటిది. డచ్చివారు 1610 ప్రాంతమునఁ బులికాటునను, ఆంగ్లేయులు 1626లో దుగరాజపట్టణమునను నిలిచినది ముఖ్యముగా నీ బట్టలకొఱకే. (దుగరాజపట్టణము, వేంకటగిరి 2022 నుండి తిరుపతి జిల్లాలోనివి.) వర్తకుఁడు ముందుగా సొమ్మిచ్చి పొడవును వెడల్పును రంగును తానే నిర్ణయించువాఁడు. నేసినవాని యిష్టమునకే తావు స్వల్పము. ఇఁక నూలు తోడి, కండెలు చుట్టి, వ్రేళ్లు కాయలు గాచిన యిల్లాలి యిష్టము నడుగువారెవరు?

ఆమె బొంత కుట్టినది. చినిగిన చీరలను పొరలుగాఁ బఱచి, పైని రంగుపేలికలు కూర్చి, సన్నకుట్టు వేయుచుఁ బోవునపుడు ఆమెకు వర్తకుఁడు లేఁడు, కొలత లేదు. పసుపుప్రక్కను నలుపు పెట్టుటయో, ఎఱ్ఱయంచును మూలకుఁ ద్రిప్పుటయో తేల్చునది ఆమెయే. లోకము ‘అతుకుల బొంత’ యని యెగతాళి చేయును. ఆ యతుకులలోనే ఆమె సంతోషమున్నదని మా యభిప్రాయము.

చరిత్రకారునకును బొంత పనికివచ్చును. పాతబొంతమీఁదనే క్రొత్తపొర వేసి కుట్టు వాడుక కలదు గనుక లోపల అవ్వలనాఁటి చీరలు దాఁగియుండును. ఈ తీరమున ఎఱుపునకుఁ జిరివేరును, నీలమునకు నీలిమందును వాడుచుండిరి. 1869 తరువాత యూరపునుండి కృత్రిమపుటెఱుపును, 1897లో జర్మనీ కృత్రిమపునీలియు అంగళ్లకు వచ్చి ఆ రెంటిని నడఁచినవి. ప్రాఁతబొంత నొకదానిని విప్పినచో నీ మార్పు పొరపొరగాఁ గనఁబడవచ్చును. విప్పుటకు ఏ యవ్వయు సమ్మతింపదనుట వేఱుమాట!

వంగదేశమున గురుసదయ దత్తు (1882-1941) పల్లెలలోని కాంథాలను సేకరించెను. అవి కలకత్తాచెంత జోకాలో ఆయన పేరిటి ప్రదర్శనశాలకుఁ జేరినవి. కాంథా యనఁగా బొంతయే గదా! మన బొంతకట్టి యాదరము దొరకలేదు. చినిఁగినవెనుక కాళ్లుతుడుచు గుడ్డ యగుచున్నది. చీర నమ్మితిమి గనుక లెక్క వ్రాసితిమి. బొంత నమ్మలేదు గనుక వ్రాయలేదు.

రాఁబోవు మహాసభకు వచ్చు సోదరీమణులు తమ యింటి బొంత నొకదానిని వెంటఁదెచ్చి, కుట్టినవారెవరో, అందలి యే చీర యెవరిదో చెప్పి వ్రాయింపవలెనని కోరుచున్నాము. నైలాను పేలికల బొంతయైనను సరియే.