ఉపకారమా, వేతనమా?

స్కాలర్‌షిప్పుకు మన బడులలో స్థిరపడిన మాట ‘ఉపకారవేతనం’. చిత్రమైన సమాసం. ఉపకారం చేసినవాడు ప్రతిఫలం ఆశించరాదని పెద్దలమాట. వేతనమో, అది ప్రతిఫలమే. పనిచేసినవాడికి న్యాయంగా దక్కవలసిన సొమ్ము. ఒకదానితో ఒకటి పొసగని ఈ రెండు పదాలను ఏ మహానుభావుడు ముడివేశాడో గాని, విగ్రహవాక్యం అడగకుండానే మనం వాడుకుంటున్నాం. జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పుకొన్న నాకు ఈ సమాసంలోని తిరకాసు బోధపడినది వ్యాకరణం వల్ల కాదు, అమెరికాలోని కేథలిక్ హైస్కూళ్ళ చరిత్ర చదివినప్పుడు. బీదపిల్లవాడి ఫీజు ఎవరు కట్టాలి, ఏ పేరుతో కట్టాలి అన్న ప్రశ్నకు అక్కడివారు నూటపాతికేళ్ళకు పైగా రకరకాల సమాధానాలు వెదుకుతూ వచ్చారు. ఆ వెదుకులాటే ఈ వ్యాసానికి విషయం.

ముందుగా ఆ బడులు వేరుగా ఎందుకు పుట్టాయో చెప్పాలి. పందొమ్మిదవ శతాబ్దంలో ఐర్లండు, జర్మనీల నుండి లక్షలాది కేథలిక్కులు పొట్ట చేతబట్టుకొని అమెరికా చేరారు. అక్కడి ప్రభుత్వపాఠశాలలలో ప్రొటెస్టంటుల బైబిలు చదివించేవారు. తమ పిల్లల చేత తమది కాని పాఠం చదివించడం ఈ వలసవచ్చినవారికి కష్టమనిపించింది. బడి డబ్బులో తమకూ వాటా ఇమ్మని 1840లో న్యూయార్కు కేథలిక్కులు బిషప్ జాన్ హ్యూస్ నాయకత్వంలో కోరితే నగరపాలకులు కాదన్నారు. 1844లో ఫిలడెల్ఫియాలో ఈ బైబిలు తగవు అల్లర్లకు దారితీసింది. చర్చిలు తగులబడ్డాయి, ప్రాణాలు పోయాయి. 1875లో జేమ్స్ బ్లెయిన్ అనే నాయకుడు మతసంస్థల బడులకు ప్రజాధనం ఇవ్వరాదని రాజ్యాంగసవరణ ప్రతిపాదించాడు. అది నెగ్గలేదు గాని, అదే మాదిరి నిషేధాలు అనేక రాష్ట్రాల రాజ్యాంగాలలో చేరిపోయాయి. 1884లో బాల్టిమోరులో కూడిన బిషప్పుల మహాసభ, ప్రతి చర్చికీ రెండేళ్ళలోగా ఒక బడి ఉండితీరాలని శాసించింది. బడి ఉండాలన్నారు, సరే. సొమ్మెక్కడిది? సర్కారు ఇవ్వదు, పిల్లల తండ్రులు రేవులలోనూ గనులలోనూ కూలివారు.

ప్రాథమికపాఠశాలను చర్చిపళ్ళెంలో పడిన చిల్లరతో ఎట్లాగో నెట్టుకొని రావచ్చు. హైస్కూలు అట్లా కాదు. ప్రయోగశాల కావాలి, వేర్వేరు విషయాలకు వేర్వేరు ఉపాధ్యాయులు కావాలి. అంతకుమించిన చిక్కు మరొకటి ఉంది. పధ్నాలుగేళ్ళ పిల్లవాడు అప్పటికే సంపాదించగలిగినవాడు. వాడిని బడికి పంపితే ఫీజు ఖర్చు ఒక ఎత్తు, ఇంటికి రావలసిన కూలి రాకపోవడం మరొక ఎత్తు. అందువల్ల ఉన్నతవిద్య కలవారి పిల్లల సొత్తుగానే ఉండిపోయింది.

ఆ తలుపు తెరిచినవారిలో చెప్పుకోదగినవాడు థామస్ కేహిల్ అనే ఫిలడెల్ఫియా వర్తకుడు. 1878లో చనిపోతూ, చర్చిబడులలో చదువు ముగించిన బాలురకు ఉచితంగా ఉన్నతవిద్య చెప్పే పాఠశాల పెట్టమని తన ఆస్తిని వ్రాసిపోయాడు. ఆ వీలునామా ఫలితమే 1890లో తెరిచిన రోమన్ కేథలిక్ హైస్కూలు. కాలక్రమంలో అక్కడా ఫీజులు వచ్చాయి. ఎంత పెద్ద ఆస్తికైనా పెరిగే ఖర్చు ముందు నిలవడం కష్టమే.

నిలిచిన ఉదాహరణ ఒకటి న్యూయార్కులో ఉంది. జెస్యూట్ గురువులు నడిపే రీజిస్ హైస్కూలు 1914లో మొదలైంది. ఫీజు కట్టలేని కేథలిక్ బాలుర కోసమని ఒక దాత పెద్దమొత్తం ఇచ్చింది. పెట్టిన షరతు ఒక్కటే, తన పేరు బయటికి రాకూడదు. చాలా ఏళ్ళపాటు ఆ బడిలో ఆమెను ‘సంస్థాపకురాలు’ అని మాత్రమే చెప్పుకొన్నారు. ఆమె జూలియా గ్రాంట్, ఒకప్పటి న్యూయార్కు నగర మేయరు హ్యూ గ్రాంట్ భార్య, అప్పటికి వితంతువు. నేటికీ అక్కడ ఫీజు లేదు. ప్రవేశపరీక్ష నెగ్గినవాడు కలవాడైనా లేనివాడైనా ఉచితంగానే చదువుతాడు. చదివి పైకి వచ్చినవారు తిరిగి ఇచ్చే విరాళాలతో బడి సాగుతోంది. మనవాళ్ళు గుప్తదానం అన్నది ఇదే. ఇందులో నాకు నచ్చిన సూక్ష్మం ఒకటి ఉంది. అందరికీ ఫీజు లేనిచోట ‘వీడు బీదవాడు, వీడికి ధర్మం చేశాం’ అని వేలెత్తి చూపే అవకాశమే ఉండదు. దాత ముఖం కనిపించదు, గ్రహీత ముఖమూ కనిపించదు.

అయితే ఇటువంటి బడులు వేళ్ళ మీద లెక్కపెట్టదగినవి. మిగిలిన వేలాది బడులను నిలబెట్టినది దాతల సొమ్ము కాదు. సన్న్యాసినుల జీతం లేని శ్రమ.

దరిద్రవ్రతం పట్టిన ఆ నన్స్ నలభై యేసి, యాభై యేసి మంది పిల్లలకు పాఠాలు చెప్పేవారు. వారి మఠానికి ముట్టే స్వల్పమైన భత్యం తిండికీ బట్టకూ సరి. ఆ లెక్కన ఫీజు స్వల్పంగా ఉండేది, కూలివాడు కూడా కట్టుకోగలిగేవాడు. అంటే ప్రతి పిల్లవాడికీ ఒక స్కాలర్‌షిప్పు అందుతూనే ఉండేది, ఏ చిట్టాలోనూ జమ కాకుండా. 1965 నాటికి అమెరికాలో సన్న్యాసినుల సంఖ్య సుమారు 1,80,000. నేడు 40,000 లోపే, వారిలోనూ అత్యధికులు వృద్ధులు. వ్రతధారులకు సోషల్ సెక్యూరిటీ అనే వృద్ధాప్యభృతి వర్తించే వీలు 1972 వరకు లేనే లేదు. జీవితమంతా పలకలు దిద్దించిన చేతులు ముదిమిలో మందులకు వెదుక్కోవలసివస్తే, 1988 నుండి ఏటా చర్చిలలో వారికోసం ప్రత్యేకంగా చందా ఎత్తడం మొదలుపెట్టారు. ఆ బడులు తమ విద్యార్థులకు చేసిన అతిపెద్ద ఉపకారం వెనుక చెల్లించని వేతనం ఒకటి ఉంది. సమాసంలోని రెండు పదాలూ ఇక్కడ ఎదురెదురుగా నిలుచున్నాయి.

సన్న్యాసినులు తగ్గుతున్నకొద్దీ జీతం తీసుకునే ఉపాధ్యాయులు వచ్చారు. వారికి సంసారాలున్నాయి, జీతం ఇవ్వక తప్పదు. ఫీజులు పెరిగాయి. అదే సమయంలో పాత వలసదారుల బిడ్డలు స్థితిమంతులై నగరాలు విడిచి శివార్లకు తరలిపోయారు. వారి స్థానంలో నల్లజాతివారూ, స్పానిష్ మాట్లాడేవారూ వచ్చారు. వీరిలో కేథలిక్కులు కానివారూ తమ పిల్లలను ఈ బడులకే పంపదలిచారు. అవసరం ఎక్కువైంది, ఆదాయం అడుగంటింది. 1960ల నడిమి సంవత్సరాలలో ఈ బడులన్నింటా కలిపి 52 లక్షల మంది ఉండేవారు. నేడు సుమారు 17 లక్షలు.

1971 ఈ కథలో ఒక మలుపు. మతసంస్థల బడులలోని ఉపాధ్యాయుల జీతాలకు పెన్సిల్వేనియా, రోడ్ ఐలండ్ రాష్ట్రాలు సాయం చేయబోతే, ‘లెమన్’ కేసులో సుప్రీంకోర్టు అది రాజ్యాంగవిరుద్ధమన్నది. అంతకుముందే 1925లో, పిల్లలందరూ ప్రభుత్వపాఠశాలకే పోవాలన్న ఓరెగాన్ చట్టాన్ని ఇదే న్యాయస్థానం కొట్టివేసింది. ఈ రెండు తీర్పులనూ ప్రక్కప్రక్కన పెడితే సారాంశం ఇది: మీ బడి మీరు పెట్టుకోవచ్చు, ఖర్చూ మీరే పెట్టుకోండి. అదే 1971లో న్యూయార్కులో ‘ఇన్నర్-సిటీ స్కాలర్‌షిప్ ఫండ్’ ఏర్పడింది. మతంతో నిమిత్తం లేకుండా వ్యాపారుల నుండి, సంపన్నుల నుండి విరాళాలు సేకరించి బీదపిల్లల ఫీజులు కట్టడం దాని పని. షికాగోలో 1986లో కార్డినల్ బెర్నార్డిన్ ఇటువంటి ఉద్దేశ్యంతోనే ‘బిగ్ షోల్డర్స్ ఫండ్’ స్థాపించాడు. ఇవి వేలమందికి దారి చూపాయి, సందేహం లేదు.

కాని ఎంపిక చేసి ఇచ్చే ఉపకారానికి ఒక ముల్లు ఉంటుంది. నేను ఉద్యోగం చేసిన రోజులలో ఉపకారవేతనాల జాబితా వచ్చినప్పుడు తరగతిలో పేర్లు చదివేవాడిని. పేరు పిలవగానే లేచి నిలబడి సంతకం పెట్టాలి. ఒక ఏడాది, పద్యం అప్పజెప్పడానికి అందరికంటె ముందు లేచే కుర్రవాడు తన పేరు రెండుసార్లు పిలిచినా లేవలేదు. మరునాటి నుండి జాబితాను నా గదిలో పెట్టి ఒక్కొక్కరినే పిలిచాను. ఆ మాత్రం ఇంగితం నాకు ముందే ఎందుకు కలగలేదో ఇప్పటికీ తెలియదు.

ఈ ముల్లుకు విరుగుడు అనదగినది 1996లో షికాగోలో కనిపించింది. పిల్సెన్ అనే పేట మెక్సికో నుండి వచ్చిన కార్మికులది. అక్కడ జెస్యూట్లు ‘క్రిస్తో రే’ హైస్కూలు తెరిచారు. స్పానిష్‌లో ఆ పేరుకు క్రీస్తురాజు అని అర్థం. దీని సారథి ఫాదర్ జాన్ ఫోలీ, అంతకుముందు దశాబ్దాల పాటు పెరూ దేశంలో పనిచేసివచ్చినవాడు. ఫీజు కట్టగలవారు ఆ పేటలో లేరు, మూలధనం ఇచ్చే దాతా లేడు. అప్పుడు పుట్టిన ఉపాయం ఇది. ఒక కార్యాలయంలోని ఒక చిన్న ఉద్యోగాన్ని నలుగురు విద్యార్థులు పంచుకుంటారు. ఒక్కొక్కరు వారానికొక రోజు, వంతు వచ్చినప్పుడు మరొక రోజు, నెలకు ఐదురోజులు బ్యాంకులలో, న్యాయవాదుల కార్యాలయాలలో, ఆసుపత్రులలో పనిచేస్తారు. సంస్థ ఇచ్చే సొమ్ము విద్యార్థి చేతికి రాదు; బడికి చేరి, చదువు ఖర్చులో ఎక్కువ భాగాన్ని తీరుస్తుంది. తక్కిన దానిలో కొంత తల్లిదండ్రులు తమ శక్తికొలది, కొంత దాతలు. పోయిన పాఠాల కోసం మిగిలిన రోజులలో బడి ఎక్కువసేపు నడుస్తుంది.

ఇది చదివినప్పుడు మనవారి వారాలు జ్ఞాపకం వచ్చాయి. వారాలు చేసుకున్న పిల్లవాడు ఒక్కడే ఏడిళ్ళలో తిన్నాడు. ఇక్కడ నలుగురు కలిసి ఒకే కుర్చీలో పనిచేస్తున్నారు. వారాల అన్నంలో ఎంత ప్రేమ ఉన్నా పరాయి పంచ అన్న జంకు ఉండేది. ఇక్కడ ఆ జంకు లేదు, సంపాదించి చదువుతున్నానన్న ధీమా ఉంది. ఉపకారవేతనంలో వేతనమన్న ఉత్తరపదం సార్థకమైన చోటు ఇదే అనిపిస్తుంది. ఈ పద్ధతి తరువాత దేశమంతటా వ్యాపించి నేడు ముప్పైకి పైగా బడులలో నడుస్తోంది. ఆక్షేపణ లేకపోలేదు. కలవారి బిడ్డ చదువుకునే గంటలలో లేనివారి బిడ్డ కాగితాలు సర్దడం న్యాయమా అన్నది ప్రశ్న. ఆ ఆఫీసు కూడా ఒక బడే అని సమాధానం. రెండింటిలోనూ సత్యం ఉంది.

మూడవ దారి ప్రభుత్వధనం. దాన్ని ఉపకారమనీ అనలేదు, వేతనమనీ అనలేదు, హక్కు అన్నారు. మిల్వాకీ నగరంలో 1990లో బీదకుటుంబాల పిల్లలకు ‘వోచర్’ పథకం మొదలైంది. ఉద్యమం నడిపినది పాలీ విలియమ్స్ అనే నల్లజాతి శాసనసభ్యురాలు. మొదట మూడువందల చిల్లర పిల్లలు, అదీ మతప్రసక్తి లేని బడులకే. 1995లో మతసంస్థల బడులనూ చేర్చారు. 1998లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం ఔనన్నది. క్లీవ్‌లండ్ పథకం మీద 2002లో సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురుగా చీలి, సొమ్ము బడికి కాక తల్లిదండ్రుల చేతికి పోతున్నది కనుక దోషం లేదని తీర్పు చెప్పింది. అక్కడ వోచరు పొందినవారిలో నూటికి 96 మంది మతసంస్థల బడులలోనే చేరారన్న సంగతీ ఆ తీర్పులోనే ఉంది. 2020లో మోంటానా కేసు, 2022లో మెయిన్ కేసు ఆ దారిని మరింత విశాలం చేశాయి. సొంత హైస్కూలు లేని ఊళ్ళ పిల్లలకు మెయిన్ రాష్ట్రం ప్రైవేటుబడి ఫీజు కడుతూ, మతపాఠశాలలను మినహాయించడం చెల్లదన్నారు. బ్లెయిన్ నాటి గోడలు చాలావరకు కూలిపోయాయి.

ఈ దారి మీద విమర్శ గట్టిదే. ప్రభుత్వపాఠశాలల సొమ్ము తరుగుతుంది, ప్రైవేటుబడులు తమకు నచ్చినవారిని ఏరుకుంటాయి, ఒకరి మతబోధకు మరొకరు పన్ను కడతారు. ఇవన్నీ ఆలోచించదగినవే. నన్ను ఎక్కువగా కలవరపెట్టినది మరొకటి. బీదల పేరిట పుట్టిన పథకంలో క్రమంగా బీదలు పలుచబడుతున్నారు. మిల్వాకీలో 2011లో ఆదాయపరిమితి పెంచినప్పుడు, పథకానికి తల్లి అనదగిన పాలీ విలియమ్సే నిరసించింది. అరిజోనా 2022లో ఆదాయంతో పని లేకుండా అందరికీ ప్రభుత్వధనం తెరిచింది. 2025లో దేశమంతటికీ వచ్చిన చట్టం ప్రకారం, 2027 నుండి స్కాలర్‌షిప్ సంస్థలకు విరాళమిచ్చినవారికి 1,700 డాలర్ల వరకు పన్నులో తగ్గుతుంది. చేరదలచిన రాష్ట్రాలు చేరవచ్చు. ఆ ప్రాంతపు మధ్యస్థాదాయానికి మూడురెట్లు ఉన్న కుటుంబం కూడా అర్హమే! రేవుకూలివాడి బిడ్డ కోసం త్రవ్విన కాలువలో నీళ్ళు చివరి మడికి చేరతాయా అన్నది చూడాలి.

ఉపకారంలో మనసు ఉంది, కాని గ్రహీతకు తలవంపు ఉండవచ్చు. వేతనంలో ఆత్మగౌరవం ఉంది, కాని చదువుకునే వయసులో శ్రమ ఉంది. హక్కులో తలవంపూ లేదు, శ్రమా లేదు, కాని హక్కు అందరిదీ అయినప్పుడు బలవంతుడే ముందు వరుసలో నిలబడతాడు. ఈ మూడింటికీ వెనుక, ఏ జాబితాలోనూ పేరు లేని ఆ సన్న్యాసినులు ఉన్నారు. ఉపకారవేతనానికి విగ్రహవాక్యం చెప్పమని ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇది: ఒకరు వదులుకున్న వేతనం, మరొకరికి ఉపకారం. వ్యాకరణం ఒప్పుకోకపోవచ్చు, చరిత్ర ఒప్పుకుంటుంది.