రాజన్న కోడె, ఆకాశ మహారాజు

వేములవాడకి విమానాశ్రయం లేదు గానీ విమానం మాత్రం ఏనాటి నించో ఉంది. గర్భగుడి మీద లేచిన కట్టడాన్ని శిల్పశాస్త్రం విమానమనే అంటుంది. దాని కిందే రాజరాజేశ్వరుడు కొలువై ఉంటాడు. జనం నోట ఆయన రాజన్న. భక్తుడు కోడెని పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేస్తే మొక్కు చెల్లినట్టు. పంటలు పండాలనీ, పిల్లలు కలగాలనీ మొక్కే ఈ గుడికి, గత యాభై ఏళ్ళలో కొత్తరకం మొక్కులు వచ్చాయి. "వీసా వస్తే కోడెను కడ్త రాజన్నా!" అనే కొడుకూ, "పిలగాడు పాణంతోని తిరిగొస్తే చాలు తండ్రీ!" అనే తల్లీ ఈ సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతాల్లో ఊరూరా కనిపిస్తారు.

విమానాల సంస్థ చరిత్ర రాసేవాళ్ళు మామూలుగా ఛైర్మన్ల దగ్గరో, ఇంజన్ల దగ్గరో మొదలు పెడతారు. ఎయిర్ ఇండియా కథని కోడె దగ్గర మొదలు పెడితే తప్పేం లేదు. ఎందుకంటే ఆ కథ తొలి పేజీలోనే ఎద్దు ఉంది.

1932 అక్టోబరు 15. కరాచీ నించి జె.ఆర్.డి. టాటా ఒక్కడే చిన్న పస్ మాత్ విమానం నడుపుకుంటూ బొంబాయి జుహూకి వచ్చాడు. దారిలో అహమ్మదాబాదులో ఆగాడు. అక్కడ విమానానికి కావలసిన పెట్రోలు డబ్బాలు ఎడ్లబండి మీద వచ్చాయి! బొంబాయి నించి ఆ టపాని నెవిల్ విన్సెంట్ అనే దొర బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చాడు. మోసుకొచ్చిన ఉత్తరాల బరువు పాతిక కిలోలు. ఇవాళ దుబాయి నించి వచ్చే మనిషి సామాను తూస్తే అంతకంటే ఎక్కువే తూగుతుంది. ప్రయాణికులు లేరు, రేడియో లేదు. దేశంలో పెద్ద విమాన సంస్థకి అదే పురుడు.

ఆ రోజుల్లో కరీంనగరు జిల్లా నిజాం ఏలుబడిలో ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే వేళకి నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ అని ఒక సంస్థ పెట్టారు. బేగంపేట దాని పుట్టిల్లు. యుద్ధంలో వాడిన డకోటా విమానాలు దాని బండ్లు. అటు టాటాల పాత సంస్థ 1946లో ఎయిర్ ఇండియాగా పేరు మార్చుకుంది. అదే ఏడు బాబీ కూకా అనే ఉద్యోగి ఊహలోంచీ, ఉమేశ్ రావు అనే చిత్రకారుడి కుంచెలోంచీ ఒక మహారాజు పుట్టాడు. తలపాగా, కోటేరు ముక్కు, మెలితిప్పిన మీసం. ప్రత్యేకత ఏమిటంటే, ఆయన మహారాజై ఉండి కూడా ఎదుటివాడికి వంగి స్వాగతం చెబుతాడు.

ఎవరికి వంగాడు అన్నదే అసలు ప్రశ్న. 1948 జూన్ 8 రాత్రి 'మలబార్ ప్రిన్సెస్' అనే విమానం బొంబాయిలో లేచి కైరో, జెనీవాల మీదుగా లండన్ వెళ్ళింది. అంతర్జాతీయ సేవకి అది మొదలు. ఎక్కినవాళ్ళు 35 మంది. వాళ్ళలో నవానగరు జాంసాహెబు వంటి అసలు సిసలు మహారాజులే ఉన్నారు. అంటే బొమ్మ మహారాజు తొలిసారి వంగింది రక్తమాంసాల మహారాజులకే అన్నమాట.

1953లో ప్రభుత్వం విమాన సంస్థలన్నిటినీ జాతీయం చేసింది. మన డెక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయింది. విదేశీ దారులు ఎయిర్ ఇండియాకి దక్కాయి. 1978 దాకా టాటాయే దానికి ఛైర్మన్. 1960లో బోయింగు 707 జెట్టు న్యూయార్కు చేరింది. 1962లో పంకాల విమానాలన్నీ తీసేసి, ప్రపంచంలో అన్నీ జెట్టు విమానాలే ఉన్న మొదటి సంస్థ అనిపించుకుంది. 1971లో 'ఎంపరర్ అశోక' అనే జంబో జెట్టు వచ్చింది. కిటికీలకి జరోకాల బొమ్మలు, లోపల చిత్రకారుల పనితనం. అతిథి మర్యాదలకి పెట్టింది పేరు.

ఇంతలో 1973 వచ్చింది. చమురు ధర ఒక్కసారిగా ఆకాశాన్నంటింది. విమానాలకి అది గుదిబండ. కానీ ఆ డబ్బు వచ్చి పడ్డ అరబ్బు దేశాల్లో రోడ్లూ, రేవులూ, మేడలూ లేస్తున్నాయి. కట్టేందుకు చేతులు కావాలి. కరీంనగరు, నిజామాబాదు, ఆదిలాబాదు జిల్లాల్లో చేతులు ఖాళీగా ఉన్నాయి. వానకోసం చూసే చేలూ, గిట్టుబాటు లేని మగ్గాలూ అంతకు ముందే జనాన్ని బొంబాయికీ భివండీకీ తోలాయి. బొంబాయి దాకా వెళ్ళిన మనిషికి సముద్రం దాటడం ఇంకొక్క అడుగు. అప్పు తెచ్చి ఏజెంటు చేతిలో పోసి, బస్సులో బొంబాయి చేరి, రోజుల తరబడి గదుల్లో పడుంటే అప్పుడు దొరికేది విమానం మెట్టు.

ఇక్కడ విమాన వ్యాపారం గుట్టు కొంచెం చెప్పుకోవాలి. విమానంలో సీటు కూరగాయ వంటిది. ఇవాళ అమ్ముడుపోకపోతే రేపు పనికిరాదు. తలుపు వేసి బండి లేచిందంటే ఖాళీ సీటు శాశ్వతంగా నష్టమే. విమానం అప్పూ, పైలెట్ల జీతాలూ, ఇంధనమూ నిండినా ఖర్చే, నిండకపోయినా ఖర్చే. అంచేత ఏ దారిలో జనం ఏడాది పొడుగునా ఉంటారో ఆ దారే సంస్థకి బువ్వ పెడుతుంది. లండనూ న్యూయార్కూ పేరు తెచ్చాయి. గల్ఫు దారి డబ్బు తెచ్చింది. పేరు తెచ్చిన కొడుకు ఫోటో గోడ మీద ఉంటుంది. గంజి పోసిన కొడుకు పొలంలో ఉంటాడు. లోకరీతే అది!

ఈ లెక్క ఇంకొకరు కూడా వేశారు. 1985 అక్టోబరు 25న దుబాయిలో ఎమిరేట్స్ అనే సంస్థ పాకిస్తాన్ దగ్గర అద్దెకి తెచ్చుకున్న రెండు విమానాలతో మొదలైంది. తొలి ప్రయాణం కరాచీకి! టాటా ఏ ఊళ్ళో లేచాడో ఆ ఊళ్ళోనే ఇది దిగింది. ఆ వెంటనే బొంబాయి, ఢిల్లీ. దూరం చూసుకుంటే దుబాయి తూర్పుకీ పడమరకీ నడిమింట ఉంది. ఒకవైపు నించి జనాన్ని తెచ్చి, దుబాయిలో దింపి, ఇంకోవైపు బండెక్కించడమే దాని కిటుకు. మనూళ్ళ కూడలి బస్టాండు లాంటిదే, కాకపోతే ప్రపంచానికి. తర్వాత అది లోకంలోకెల్లా పెద్ద ప్రయాణికుల విమానమైన ఎయిర్‌బస్ 380లు 123 సంపాదించింది. దుబాయిలో మేడ కట్టిన కూలీ ఆ ఊరికి ఇచ్చినది ఒళ్ళు చెమట ఒక్కటే కాదు, టిక్కెట్టు డబ్బు కూడా.

ఎయిర్ ఇండియా ఒక్కసారి మాత్రం ఆ పొలంలోని కొడుకుని గుండెలకి హత్తుకుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ని ఆక్రమించింది. మనవాళ్ళు లక్షకి పైగా చిక్కుకుపోయారు. బాగ్దాదు మీదుగా ఎడారిలో బస్సులెక్కి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరారు. ఆగస్టు 13 నించి 59 రోజుల్లో 488 ప్రయాణాలు చేసి లక్షా పదివేల మందికి పైగా మనుషుల్ని ఇంటికి చేర్చింది ఆ సంస్థ. గిన్నిస్ పుస్తకం కెక్కిన పని అది. చేతిలో పైసా లేకుండా, కట్టుబట్టలతో దిగిన కూలీకి మహారాజు నిజంగా వంగిన రోజులవి.

కానీ అవే విమానాల పొట్టలో ఇంకోరకం ప్రయాణికులు కూడా వస్తూ వచ్చారు. ఎండదెబ్బో, గుండెపోటో, పనిచోట ప్రమాదమో, మనసు విరిగిన రాత్రో. ఊరికి చేరేది పెట్టె. ఆ పెట్టెని తూచి, కిలోకింత అని కిరాయి కట్టించుకునే పద్ధతి ఏళ్ళకేళ్ళు సాగింది. బతికుండగా సీటుకి మనిషిగా లెక్కపడ్డవాడు, చచ్చాక సరుకుగా తూకానికెక్కాడు. ప్రవాసులు గోల పెట్టగా పెట్టగా 2019 జనవరిలో, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ నించి పెద్దవాళ్ళ శవానికి 1,500 దిర్హాములని ఒకే ధర కట్టి తూకం మానేశారు. ఎయిర్ ఇండియా చరిత్రలో జెట్టు విమానం తేదీ ఎంత ముఖ్యమో, ఈ తేదీ కూడా అంత ముఖ్యం.

మిగతా కథ తెలిసిందే. 2005లో చవక టిక్కెట్ల ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ గల్ఫు దారుల్లోనే మొదలైంది. 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్సుని కలుపుకున్నాక అప్పులు మెడకి చుట్టుకున్నాయి. 2008లో శంషాబాదు విమానాశ్రయం తెరిచారు. 2022 జనవరి 27న సంస్థ మళ్ళీ టాటాల చేతికే వచ్చింది. మరుసటి ఏడు 470 విమానాలకి బేరం కుదిరింది. ఎడ్లబండి మీద పెట్రోలు తెచ్చుకున్న ఇల్లు ఎంత ఎదిగిందో చూడండి!

కొత్త విమానాలొస్తాయి, కొత్త రంగులేస్తారు. సంతోషమే. అయితే రాజన్న గుళ్ళో ఒక పద్ధతుంది. కోడె కట్టేవాడు దొరా, పాలేరా అని ఆ కోడె అడగదు. ఎవరు పగ్గం పట్టుకుంటే వాళ్ళ వెంట గుడి చుట్టూ తిరుగుతుంది. వెనకసీట్లో కూచుని, బెల్టు ఎట్లా పెట్టుకోవాలో పక్కవాణ్ణి అడుగుతున్న సిరిసిల్ల కుర్రాడికి మహారాజు ఎంత వంగుతాడన్నదే ఆ సంస్థ ఎదుగుదలకి సరైన కొలత.