జపాన్ ప్రైజ్: విద్యా ప్రసారాలకు కొలబద్ద ఎవరిది?

సాహిత్య బహుమతుల గురించి మన పత్రికల్లో చర్చ చాలానే జరిగింది. బహుమతి ఎవరిస్తున్నారు, ఎందుకిస్తున్నారు, దానివల్ల రచన ఎటు మొగ్గుతుంది అన్న ప్రశ్నలు మనకు కొత్తవి కావు. కాని పిల్లలకూ, చదువుకు నోచుకోని పెద్దలకూ పాఠం చెప్పే ప్రసార రచనల విషయంలో ఈ ప్రశ్నలు మనం వేసుకున్నది తక్కువ. అందుకే 1965లో టోక్యోలో మొదలైన విద్యా ప్రసారాల అంతర్జాతీయ పోటీని, అంటే జపాన్ ప్రైజ్‌ను, ఇక్కడ పరిశీలించదలచాను. శాస్త్ర సాంకేతిక రంగాల్లో అదే పేరుతో ఇచ్చే బహుమతి వేరు.

ఈ పోటీని నెలకొల్పింది జపాన్ ప్రసార సంస్థ ఎన్.హెచ్.కె. దాని చరిత్ర తెలియకుండా పోటీ అర్థం కాదు. 1935లోనే ఆ సంస్థ దేశవ్యాప్తంగా పాఠశాల రేడియో ప్రసారాలు ఆరంభించింది. తరువాతి దశాబ్దంలో ఆ రేడియోయే సైనిక ప్రభుత్వానికి గొంతుకగా మారి, యుద్ధోన్మాదాన్ని తరగతి గదుల్లోకి మోసుకుపోయింది. విద్యా ప్రసారం తనంతట తాను ప్రగతిశీలం కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. యుద్ధంలో ఓడిన తరువాత 1950 నాటి ప్రసార చట్టం ఎన్.హెచ్.కె.ను ప్రేక్షకులు చెల్లించే రుసుముతో నడిచే ప్రజాసంస్థగా తీర్చిదిద్దింది. వ్యాపార ప్రకటనలు లేకపోవడం వల్లనే 1959 జనవరిలో విద్యకే ప్రత్యేకించిన టెలివిజన్ ఛానల్‌ను అది ప్రారంభించగలిగింది.

1965 నాటి పరిస్థితిని కూడా గమనించాలి. అంతకుముందు సంవత్సరమే టోక్యోలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. ఆ ఏడాదే జపాన్ సంపన్న దేశాల ఆర్థిక సహకార సంస్థలో చేరింది. దాని ఎలక్ట్రానిక్ పరిశ్రమ ప్రపంచ విపణి కోసం చేతులు చాస్తున్నది. యుద్ధపు మచ్చ కడుక్కుని సభ్యసమాజంలో స్థానం సంపాదించాలన్న తపన, తన సాంకేతిక ప్రతిభను చాటుకోవాలన్న కోరిక, పిల్లల చదువు పట్ల నిజమైన శ్రద్ధ - ఈ మూడూ కలిసి ఈ బహుమతికి జన్మనిచ్చాయని నా అభిప్రాయం. మూడవదాన్ని కాదనడం అన్యాయం. మొదటి రెండింటినీ మరచిపోవడం అమాయకత్వం.

ఈ పోటీ చేసిన మేలు స్పష్టమే. విద్యా కార్యక్రమం అంటే కెమెరా ముందు నల్లబల్ల పెట్టడం కాదని, దానికీ శిల్పం, కథనం, నాటకీయత కావాలని అది గుర్తించింది. ప్రధాన బహుమతితో పాటు యునిసెఫ్ పేరిట, టోక్యో గవర్నరు పేరిట కూడా బహుమతులున్నాయి. వివిధ దేశాల న్యాయనిర్ణేతలు కలిసి చూసి, వాదించుకుని తేల్చుతారు.

అయితే రెండు మార్పులు ఆలోచించదగినవి. మొదట్లో రేడియోకూ టెలివిజన్‌కూ సమాన స్థానం ఉండేది. కాలక్రమంలో రేడియో విభాగం పోయింది. 2008లో పోటీ పరిధి విద్యా మాధ్యమాలన్నిటికీ విస్తరించి వెబ్‌సైట్లు, విద్యా సంబంధమైన ఆటలు కూడా ప్రవేశించాయి. ఇది కాలధర్మమే. కాని కరెంటు లేని పల్లెకు బ్యాటరీతో చేరగల చౌక మాధ్యమం రేడియో. పేదదేశం చేతిలో ఉన్న పరికరం పోటీలోంచి తప్పుకున్నప్పుడు, ఆ దేశపు రచయిత కూడా కొంత తప్పుకున్నట్టే. నిర్వాహకులకు ఈ అసమానత తెలియకపోలేదు. నిర్మాణానికి డబ్బు చాలని దేశాల వారు కార్యక్రమ ప్రణాళికను మాత్రమే పంపే విభాగం ఒకటి వారు ఏర్పరిచారు. ఎంపికైన ప్రణాళికకు సహాయధనం లభిస్తుంది. ఈ పోటీలో నాకు అత్యంత విలువైనదిగా తోచే అంశం ఇదే.

మన అనుభవాన్ని దీని పక్కన పెట్టి చూద్దాం. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా అమెరికా ఇచ్చిన ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు బోధనా ప్రసారాలు అందాయి. వాటిలో తెలుగు గ్రామాలూ ఉన్నాయి. తెలుగు కార్యక్రమాలు హైదరాబాదు కేంద్రంలో తయారయ్యాయి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. అక్కడ న్యాయనిర్ణేతల హాలు లేదు. పరిశోధకులు పల్లెల్లో మకాం వేసి, జనం ఏం చూశారో, ఏం గ్రహించారో నమోదు చేశారు. విద్యా ప్రసారానికి అసలైన పరీక్ష అది. కాని ఏడాది నిండగానే ఉపగ్రహం తరలిపోయింది. కొలబద్ద మనది, ఉపగ్రహం మాత్రం పరాయిది.

టోక్యోలో సాధనాలు పుష్కలం, ప్రేక్షకుడు పరోక్షం. మన ప్రయోగంలో ప్రేక్షకుడు ఎదుటనే ఉన్నాడు, సాధనం అరువుది. ఈ రెండూ ఒకే చేతికి వచ్చిన నాడే విద్యా ప్రసారం ప్రజలదవుతుంది.

రచయితలకూ సాహిత్య విద్యార్థులకూ ఇందులో ఒక బాధ్యత ఉంది. ఏ తెరమీదికైనా మొదట చేరేది కాగితం మీద రాసిన మాటే. పదేళ్ల పాపకు వర్షం ఎలా కురుస్తుందో చెప్పే పది నిమిషాల స్క్రిప్టును మన విమర్శ సాహిత్యంగా పరిగణించి, దాని భాషనూ దృక్పథాన్నీ తూచే రోజు రావాలి. ఆ పని టోక్యోకు వదిలిపెట్టడం తగదు.