షోగన్ నవల – పరదేశి ఋణము



ఇతిహాసమనగా 'ఇట్లు జరిగినది' అని అర్థము. చారిత్రక నవల అట్టిది కాదు; జరిగిన దానికి కల్పన చేరినది. అయినను జిజ్ఞాసువు దానిని చదువదగును. చదివిన పిమ్మట ఆ కల్పనకు మూలమైన మనుష్యుని చరిత్రను కూడ విచారింపవలెను.

1975లో వెలువడిన జేమ్స్ క్లావెల్ ఆంగ్ల నవల 'షోగన్' అట్టి విచారమునకు తగిన గ్రంథము. ఆ రచయిత రెండవ ప్రపంచయుద్ధమున జపానీయులకు బందీయై సింగపూరులోని చాంగీ చెరలో నుండినవాడు. తన్ను చెరపట్టిన జాతి ఆచారములను శ్రద్ధతో గ్రహింపబూనుట ద్వేషమును జయించిన చిత్తమునకే సాధ్యము.

నవలానాయకుడైన బ్లాక్‌థోర్నునకు మూలపురుషుడు విలియం ఆడమ్స్ అను ఆంగ్ల నావికుడు. 1598లో హాలండునుండి బయలుదేరిన ఐదు నౌకలలో 'లీఫ్డే' ఒక్కటే 1600 ఏప్రిల్ మాసమున జపాను తీరమును చేరెను. అచ్చటి పోర్చుగీసు క్రైస్తవ మతాచార్యులు వీరు ఓడదొంగలనియు వధ్యులనియు చెప్పిరి. తొకుగవ ఇయెయసు ప్రభువు, తనకు గాని తన దేశమునకు గాని అపకారము చేయనివారిని చంపుట న్యాయము కాదని తలచెను. ఆడమ్స్ ఆయనకు నౌకలు నిర్మించి, గణితము బోధించి, హెమి గ్రామమున భూమిని, 'మియురా అంజిన్' అను నామమును పొందెను. అంజిన్ అనగా నౌకకు దారి చూపువాడు.

నవల సెకిగహర యుద్ధప్రస్తావనతో ముగియును. నిజమైన ధర్మసంకటము ఆ పిమ్మటిది. ఇంగ్లండులో భార్య, కుమార్తె. జపానులో మరియొక భార్య, జోసెఫ్, సుసానా అను బిడ్డలు. స్వదేశమునకు పోవుటకు బహుకాలము అనుజ్ఞ లభింపలేదు. 1613లో ఆంగ్లనౌక వచ్చినపుడు లభించినను ఆయన మరలిపోలేదు. 1620లో హిరదోయందు మరణించుటకు ముందు, తన ధనమున సగము ఇంగ్లండులోని భార్యాపుత్రికలకు, సగము జపానులోని బిడ్డలకు చెందునట్లు మరణశాసనము వ్రాయించెను.

భాష, వేషము, పేరు నామరూపములు, అవి మారును. పాణిగ్రహణముచేతను, సంతానముచేతను కలిగిన ఋణము సముద్రము దాటినను వెంటవచ్చును. ఇరువది సంవత్సరముల నిరీక్షణమునకు ధనము మూల్యము కాజాలదు, కావున ఆయనను నిర్దోషి యనలేము. అయినను అంత్యకాలమున ఏ గృహమును తనది కాదనలేదు.

పరదేశమున స్థిరపడిన ఆస్తికులారా! ఇట్టి నవలను చదువునపుడు నాయకుడు నేర్చిన క్రొత్త ఆచారములను చూచి ఆనందింపుడు. పిదప, మీ రాకకై ఎదురుచూచువారు ఎవరో ఒకమారు స్మరింపుడు.

స్వస్తి.